తోలుగుడ్లు పెడుతున్న పెట్టకి సాయంత్రం ఏం పెట్టాలి

గూట్లో చెయ్యి పెడితే గుడ్డు బదులు మెత్తటి తిత్తి తగిలిందంటే హడలిపోనక్కర్లేదు. అలా అని వదిలెయ్యనూ కూడదు. మా రేపల్లె వైపు దాన్ని తోలుగుడ్డు అంటాం. లోపల పచ్చసొన, తెల్లసొన సరిగ్గానే ఉంటాయి, చుట్టూ పొర కూడా ఉంటుంది, పైన పెంకు మాత్రం ఉండదు. కొన్నిసార్లు పెంకు ఉంటుంది గానీ బొటనవేలితో నొక్కితే చిట్లిపోతుంది. రెండూ ఒకే ఇబ్బందికి ఎక్కువ తక్కువ రూపాలు.

మా పెరట్లో నాటు పెట్టలూ, గ్రామప్రియ అనే గుడ్ల రకం పెట్టలూ కలిసి తిరుగుతాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు తోలుగుడ్డు పట్టుకొచ్చి, "వదినా, దీనికేం మందు?" అని అడుగుతారు. నేను ముందు అడిగేది, "నిన్న పొద్దుగూకేటప్పుడు పెట్టకి ఏం పెట్టావు?" అని. నూటికి ఎక్కువ పాళ్ళు జవాబు అక్కడే ఉంటుంది. ఎందుకో చెబుతాను. ఈ ఒక్కటి అర్థమైతే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది.

పచ్చసొన అండాశయం నుంచి విడిపోయాక గుడ్డు బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. తెల్లసొన చుట్టుకోవడానికి సుమారు 3 గంటలు, పొరలు ఏర్పడటానికి గంటకి కాస్త పైన. మిగిలిన కాలం, దగ్గర దగ్గర 20 గంటలు, పెంకు కట్టడానికే పోతుంది. అందులో ఎక్కువ భాగం రాత్రి పూటే. అంటే పెట్ట దూలమెక్కి కునుకు తీస్తూ, గింజ కూడా ముట్టని వేళలో లోపల పెంకు పని జరుగుతుంటుంది.

ఆ పెంకులో 94, 95 శాతం కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. మామూలు సైజు గుడ్డు పెంకు 5, 6 గ్రాములు తూగుతుంది, అందులో కాల్షియం 2 గ్రాముల పైచిలుకు. అది రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి రావాలి? మొదట పొట్టలో, కందనకాయలో మిగిలి ఉన్న మేత నుంచి. అక్కడ అయిపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీస్తుంది. గుడ్లకి వచ్చే ముందు పెట్ట ఎముకల లోపల ఇందుకోసమే ప్రత్యేకంగా కొంత కాల్షియం దాచుకుంటుంది. రాత్రి వాడుకుని పగలు మళ్ళీ నింపుకోవాలి. నింపుకునేది చాలకపోతే మొదట పెంకు పలచనవుతుంది, తర్వాత తోలుగుడ్లు పడతాయి, ఆ తర్వాత పెట్ట కాళ్ళు తడబడతాయి.

నాటు పెట్టకి లేని బాధ గ్రామప్రియకి ఎందుకు

మా అత్తగారి కాలంలో ఎవరూ పెట్టలకి ప్రత్యేకంగా ఏమీ పెట్టేవారు కాదు. అయినా గుడ్లు గట్టిగానే ఉండేవి. "అప్పుడు లేని రోగం ఇప్పుడెక్కడిది?" అని ఇప్పటికీ అంటుంటారు. ఆమె అన్నది నిజమే, కానీ పెట్ట మారింది. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. అన్ని వారాలూ దాని ఎముకలకి విశ్రాంతే. గ్రామప్రియ అలా కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ ఈ రకాన్ని గుడ్ల కోసమని తయారుచేసింది. పొదుగు ధ్యాస తక్కువ, వరసగా పెడుతూనే ఉంటుంది. ఏడాదికి నాటు పెట్ట పెట్టేదానికి రెండింతలు, మూడింతలు పెడుతుంది. అంత పని చేసే పెట్టకి నాటు పెట్టకి వేసినట్టే గుప్పెడు నూకలు వేసి ఊరుకుంటే ఎలా చాలుతుంది?

నూకల్లో కాల్షియం లేనట్టే లెక్క. తవుడు ఇంకో చిక్కు. అందులో భాస్వరం చాలా ఎక్కువ, పైగా అది ఉన్న రూపం కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. నూకలు, తవుడు, ఇంట్లో మిగిలిన అన్నం, ఇంతే మేతయితే పెట్ట లావెక్కుతుంది, పెంకు మాత్రం కట్టదు. నేను తవుడు మానమని చెప్పను. చౌక, కోళ్ళు ఇష్టంగా తింటాయి. కానీ అదే ప్రధానమైన మేత కాకూడదు. గుడ్లు పెట్టే కోళ్ళకని బజార్లో అమ్మే లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. బ్రాయిలర్ దాణాలో 1 శాతం లోపే. షాపులో "కోళ్ళ దాణా ఇవ్వండి" అంటే ఏది చేతికొస్తే అది కట్టిస్తారు. కాబట్టి లేయర్ దాణా అని పేరు పెట్టి అడగండి, సంచి మీద చదివి చూసుకోండి.

గుల్ల నూక తయారీ

రోజూ గుడ్డు పెట్టే పెట్టకి రోజుకి సుమారు 4 గ్రాముల కాల్షియం అందాలి. తిన్నదంతా ఒంటబట్టదు, దాదాపు సగమే పడుతుంది, అందుకే పెంకులో ఉన్నదానికి రెండింతలు కావాలి. సున్నపురాయిలోనైనా, ఆల్చిప్పలోనైనా కాల్షియం 38 శాతం వరకూ ఉంటుంది. అంటే పెట్టకి 10 గ్రాములు, ఒక టీ స్పూను నిండుగా. రోజు విడిచి రోజు పెట్టేదానికి ఇందులో సగం చాలు. ఇంత చిన్న లెక్క.

అయితే పిండిగా పెట్టారా, నూకగా పెట్టారా అన్నది చాలా ముఖ్యం. మెత్తటి పొడి గంటల్లో కడుపులోంచి దాటిపోతుంది. జొన్నగింజంత ముక్కలు కందనకాయలో ఆగి, రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటాయి. పెంకు కట్టేదీ అప్పుడే కదా. అందుకే నేను పొద్దున కాదు, సాయంత్రం 4 గంటల తర్వాత పెడతాను. కోళ్ళకీ ఆ తెలివి ఉంది. పక్కన గిన్నెలో పెట్టి చూడండి, గుడ్డు కట్టుకుంటున్న పెట్ట సాయంత్రమే వెతుక్కుంటూ వచ్చి ఏరుకుంటుంది. పుంజు దాని మొహం కూడా చూడదు.

మాకు నిజాంపట్నం తీరం దగ్గర కాబట్టి ఆల్చిప్పలు, గవ్వలు దొరుకుతాయి. వాటిని ఒక రాత్రంతా మంచినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ఇంకోసారి కడిగి ఎండబెడతాను. ఉప్పు పోవాలి, అందుకు. ఎండాక గోనెసంచిలో వేసి రోకలితో దంచి జల్లెడ పడతాను. పైన మిగిలిన పెద్ద ముక్కలు మళ్ళీ దంచుతాను, కింద పడిన మెత్తటి పొడిని గుడ్లు పెట్టే పెట్టల దాణాలో కలిపేస్తాను, మధ్యరకం నూకని డబ్బాలో దాచుకుంటాను, గుల్ల నూక అంటే ఇదే. దంచేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ ధూళి మంచిది కాదు. తీరం లేని ఊళ్ళలో దాణా షాపుల్లో షెల్ గ్రిట్, స్టోన్ గ్రిట్ అని అడిగితే ఇస్తారు, ధర కూడా తక్కువే. స్టోన్ గ్రిట్ అంటే సున్నపురాయిదేనా అని రూఢి చేసుకోండి. మామూలు గులకరాళ్ళు గింజ నలగడానికి పనికొస్తాయి గానీ వాటిలో పెంకుకి పనికొచ్చేది ఏమీ లేదు.

ఇంట్లో వాడిన గుడ్ల పెంకులు కూడా పారెయ్యకండి. కడిగి, పెనం మీద బాగా వేయించి, లేదంటే 10 నిమిషాలు ఉడకబెట్టి ఎండబెట్టి, గుడ్డు అని గుర్తుపట్టలేనంతగా నలిపి వెయ్యండి. పచ్చి పెంకులు సగం సగంగా వేస్తే రోగాలకీ దారి, గుడ్లు పొడుచుకు తినే అలవాటుకీ దారి. పెంకులు మాత్రమే నమ్ముకుంటే చాలవు, గుల్ల నూకకి తోడుగా వాడుకోండి.

మునగాకు, అవిశాకు మంచివే, నేనూ కొమ్మలు విరిచి వేలాడదీస్తాను. కానీ 100 గ్రాముల పచ్చి మునగాకులో కాల్షియం అర గ్రాము కూడా ఉండదు. ఆకుతోనే పెంకు కట్టించేస్తామని చెప్పేవాళ్ళ మాట వినకండి. పాలకూర, తోటకూర మరీ ఎక్కువ వెయ్యకండి, వాటిలోని ఆక్సలేట్ కాల్షియాన్ని బంధించేస్తుంది.

తాంబూలం సున్నం నీళ్ళలో కలిపి తాగించే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. నేను చెయ్యను. ఆ ఘాటుకి కోళ్ళు నీళ్ళు తాగడం తగ్గిస్తాయి, నీళ్ళు తగ్గితే గుడ్డే తగ్గుతుంది. చిక్కగా పడితే నోరు పొక్కుతుంది.

గుల్ల నూక ఎప్పుడూ విడిగా గిన్నెలోనే ఉండాలి. అందరి మేతలో కలిపెయ్యకండి. గుడ్లకి రాని పిల్లలకి అంత కాల్షియం రోజూ పడితే మూత్రపిండాలు పాడవుతాయి. లేయర్ దాణా కూడా పిల్లలకి వద్దన్నది ఇందుకే.

అన్నీ పెట్టినా పెంకు రాకపోతే

ఎండ తగులుతోందా చూడండి. తిన్న కాల్షియం పేగుల్లోంచి ఒంట్లోకి వెళ్ళాలంటే డి విటమిన్ కావాలి, ఎండలో తిరిగే కోడి దాన్ని తానే తయారు చేసుకుంటుంది. పెరట్లో తిరిగే పెట్టలకి ఈ లోటు ఉండదు. హైదరాబాదులో మా ఆడపడుచు మేడ మీద రేకుల కింద బోనులో నాలుగు పెట్టల్ని పెంచుతోంది. అలాంటి చోట రోజూ కాసేపు ఎండలోకి వదలాలి, లేదా డి3 ఉన్న దాణానే వాడాలి.

తర్వాత నీళ్ళు. మా తీరప్రాంతం వాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం, ఎవరూ పట్టించుకోరు. ఉప్పునీళ్ళు తాగే పెట్టలకి పెంకు చెడుతుంది. మేతలో ఎంత కాల్షియం పెట్టినా ఈ నష్టం పూర్తిగా పూడదు, ఎందుకంటే ఇది దొరకకపోవడం వల్ల వచ్చింది కాదు, పెంకు కట్టే సంచిలోనే పని కుంటుపడటం వల్ల వచ్చింది. బోరు నీళ్ళు మీ నోటికి ఉప్పగా తగిలితే కోళ్ళకీ పొయ్యకండి. మనం తాగే నీళ్ళే వాటికీ పెట్టండి, ఒక్కో పెట్టకి రోజుకి పావు లీటరు సరిపోతుంది, ఎండాకాలం అర లీటరు దాకా. ఉప్పు చేపల తుక్కు తెచ్చి కోళ్ళకి వేసేవాళ్ళు కూడా ఆలోచించుకోవాలి. చేపలో మాంసకృత్తులు మంచివే, దానిమీది ఉప్పు కాదు. నానబెట్టి కడిగి కొద్దిగా వెయ్యండి.

రోహిణి కార్తెలో అయితే మంచి మేత, మంచి నీళ్ళు ఉన్నా పెంకులు పలచనవుతాయి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగపోస్తుంది. అలా ఎగపోసినప్పుడు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. పెంకులో కాల్షియంతో కలిసే కార్బొనేట్ వచ్చేది దాన్నుంచే. అటు అది తగ్గి, ఇటు ఎండకి మేత తినడమూ తగ్గి, రెండు వైపులా దెబ్బ. అందుకని వేసవిలో మేత తెల్లవారుజామునే ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి పెట్టండి. మధ్యాహ్నం మట్టి మూకుళ్ళలో చల్లటి నీళ్ళు రెండు మూడు సార్లు మార్చండి. గూటి చుట్టూ గోనెపట్టాలు కట్టి తడపండి, అయితే గాలి ఆడేలా ఒక పక్క వదలండి. వడగాలి మరీ ఎక్కువున్న రోజుల్లో లీటరు నీటికి 1 గ్రాము వంటసోడా కలిపి మధ్యాహ్నం పూట పెట్టొచ్చు. ఉప్పునీళ్ళ ఊళ్ళలో మాత్రం అది వద్దు, ఉన్న సోడియమే ఎక్కువ.

ఇక వయసు. కొత్తగా గుడ్లకి వచ్చిన పెట్ట మొదట్లో ఒకటి రెండు తోలుగుడ్లు వేస్తుంది, అదే సర్దుకుంటుంది. ముసలి పెట్ట గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పదార్థం మాత్రం పెరగదు, ఉన్నదే పెద్ద గుడ్డు మీద పరుచుకోవాలి కాబట్టి పలచనవుతుంది. దానికి మీరు చెయ్యగలిగింది కొంతే.

బెదురు వల్ల కూడా వస్తుంది. కుక్క తరిమినా, రాత్రి పిల్లి గూటి చుట్టూ తిరిగినా, దీపావళి టపాకాయల మోతకీ, పెళ్ళివారి డీజే మోతకీ పెట్ట పెంకు పూర్తి కాకముందే గుడ్డు వదిలేస్తుంది. దూలం కింద రెట్టలో తోలుగుడ్డు పడి ఉంటే రాత్రే జారిందని గుర్తు. అలాంటప్పుడు మందూ మేతా కాదు, గూటి తలుపు, కన్నాలు చూసుకోవాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

ఒక్క పెట్టే తోలుగుడ్లు పెడుతుంటే అది దాని ఒంటి సంగతి. నాలుగైదు పెట్టలు ఒకేసారి మొదలుపెట్టి, గుడ్ల సంఖ్య కూడా పడిపోతే రోగం అనుకోండి. కొక్కెర తెగులులో తుమ్ములు, ఆకుపచ్చ విరేచనాలు, మెడ మెలిపడటం కనిపిస్తాయి. దాన్నుంచి బతికిన పెట్టలు కూడా కొన్నాళ్ళు వంకర పెంకులు పెడతాయి. మొదటి వారంలో ఎఫ్1 గానీ లసోటా గానీ టీకా చుక్కలు, రెండు నెలల వయసులో ఆర్2బి ఇంజెక్షను వేయించిన వాళ్ళకి ఈ భయం చాలావరకు తీరుతుంది. పశువుల ఆసుపత్రిలో అడగండి. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్‌లో పెంకు మీద ముడతలు పడతాయి, గుడ్డు పగలగొడితే తెల్లసొన నీళ్ళలా పారిపోతుంది.

ఇంకొకటి ఉంది, ఎగ్ డ్రాప్ సిండ్రోమ్. 1976లో నెదర్లాండ్స్‌లో మొదట బయటపడింది, అందుకే ఈడీఎస్-76 అంటారు. ఇది మోసకారి. పెట్ట చలాకీగా ఉంటుంది, తింటుంది, తిరుగుతుంది, గుడ్లు మాత్రం రంగు వెలిసి, పలచబడి, చివరికి తోలుగుడ్లవుతాయి. ఈ వైరస్‌కి అసలు ఇల్లు బాతులూ హంసజాతి పక్షులూ. మా వైపు కోతలు అయ్యాక పొలాల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు. అవి దిగిన మడుగుల్లో, కాలవల్లో మీ కోళ్ళు నీళ్ళు తాగకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న జాగ్రత్త. వచ్చాక మందు లేదు. గుడ్లకి రాకముందు వేసే టీకా ఉంది గానీ పెరటి కోళ్ళకి ఎవరూ వేయించరు. పెద్ద మంద ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడి వేయించుకోండి.

డాక్టరుకి ఈమధ్య వాడిన మందుల పేర్లు కూడా చెప్పండి. రక్తపారుడుకి వాడే సల్ఫా మందులు పెంకుని పలచన చేస్తాయి. మేత చెమ్మ తగిలి బూజు పట్టిందా అన్నదీ చెప్పండి. బూజు మొక్కజొన్న, బూజు వేరుశనగ చెక్క కాలేయాన్ని దెబ్బతీస్తాయి, డి విటమిన్ పనిచెయ్యాలంటే కాలేయమే బాగుండాలి.

పెట్ట తోక వాల్చి నిటారుగా నిలబడి ముక్కుతున్నా, కాళ్ళు లాగేసినట్టు కూలబడినా రేపు చూద్దాం అనుకోకండి. గుడ్డు లోపల ఇరుక్కుని ఉండొచ్చు, మెత్తటి గుడ్డు పగిలితే లోపల చీము పడుతుంది. చేత్తో నొక్కి తియ్యడానికి ప్రయత్నించొద్దు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగా గోరువెచ్చటి నీళ్ళలో పొట్ట మునిగేలా 15, 20 నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, చీకటిగా ఉన్న చోట గంప కింద ఉంచండి.

ఏ పెట్ట పెడుతోందో తెలియాలంటే

మందలో ఏది తోలుగుడ్డు పెడుతోందో కనిపెట్టడానికి నేను చేసేది చాలా సులువు. అనుమానం ఉన్న పెట్టల్ని చీకటి పడ్డాక ఒక్కోదాన్ని ఒక్కో గంప కింద మూస్తాను, కింద ఎండుగడ్డి పరిచి. మర్నాడు గుడ్డు పెట్టేదాకా వదలను, నీళ్ళు మాత్రం లోపల పెడతాను. దొరికిన పెట్ట కాలికి రంగు దారం కట్టి, దానికి వారం పది రోజులు గుల్ల నూక సాయంత్రం నా ఎదురుగా తినిపిస్తాను. మేత వల్ల వచ్చిన లోపమైతే ఆలోగానే పెంకు గట్టిపడటం మొదలవుతుంది. మొదలుపెట్టిన మర్నాడే మార్పు కోసం చూడకండి, లోపల సగం తయారైన గుడ్డుని ఎవరూ మార్చలేరు. రెండు వారాలైనా అలాగే ఉంటే డాక్టరుకి చూపించడమే.

ఈలోపు గుడ్లు పొద్దున్నే ఏరెయ్యండి. పలచపెంకు గుడ్డు గూట్లో చిట్లితే పక్క పెట్ట రుచి చూస్తుంది, ఒక్కసారి మరిగితే గట్టి గుడ్డుని కూడా పొడవడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడం తోలుగుడ్లు మాన్పించడం కన్నా కష్టం. గూట్లో గడ్డి మందంగా వెయ్యండి, పెట్టే చోటు కాస్త చీకటిగా ఉంచండి.

పెంకు పలచనైన గుడ్డు పగలకుండా ఉంటే అదే రోజు బాగా ఉడికించి తినొచ్చు, హాఫ్ బాయిల్ వద్దు. పెంకు లేనిది నేను ఇంట్లో వాడను, పొర ఒక్కటే సూక్ష్మజీవుల్ని ఆపలేదు. పొదుగుకి మాత్రం రెండూ వెయ్యకండి. పలచపెంకులోంచి తేమ త్వరగా ఆరిపోయి పిల్ల లోపలే చచ్చిపోతుంది, లేదా పెట్ట బరువుకి పగిలి పక్క గుడ్లకి అంటుకుని వాటినీ పాడుచేస్తుంది. పొదుగు గుడ్లు ఎంచేటప్పుడు చీకట్లో టార్చి వెనక పెట్టి చూడండి, వెలుతురు మచ్చలు మచ్చలుగా కనిపించేవి పక్కన పెట్టి, పెంకు ఒకే తీరుగా ఉన్నవే పెట్ట కింద సర్దండి.